ఓపిక పేజీ

ఆ మెమో టైపు చేసింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది. కాలేజీ ఆఫీసులో టైపిస్టుని. ఎవరికి చీవాట్లు పడాలన్నా, ఎవరి సీటు మారాలన్నా ఆ కాగితం నా వేళ్ల కింద నుంచే వెళ్లాలి. పదహారేళ్లలో ఒక్క కాగితం గురించి కూడా "ఇది తప్పు సార్" అనలేదు. చెప్పింది కొట్టడమే నా పని అనుకున్నాను. అలా అనుకుంటే నిద్ర బాగా పడుతుంది.

మెమో అందుకున్నది బోర్డక్క, లైబ్రరీ అసిస్టెంటు. ఆమె తండ్రి పుస్తకాలకు బైండింగు చేసేవాడు. సెలవుల్లో కాలేజీ పుస్తకాలు కుట్టడానికి జిగురు డబ్బా పట్టుకుని వచ్చేవాడు, వెంట కూతురు. "కుట్టమంటే చదువుతావేంటే, జిగురు ఆరిపోతోంది!" అని ఆయన కసురుతుంటే ఈమె సగం కుట్టిన పుస్తకం ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పేదట. ఆ జిగురు చేతులతోనే ఉద్యోగంలో చేరి ముప్పై ఒక్క ఏళ్లు దాటింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. లైబ్రరీలో నిశ్శబ్దంగా ఉండండి అని ఆమె అరిస్తే మెయిన్ గేటు దగ్గర వాచ్‌మన్ కూడా నోరు మూసుకునేవాడు.

లైబ్రరీ తలుపు పక్కన గోడకి నల్లబోర్డు ఉంది. దాన్ని మూడు గడులుగా గీసి ప్రతి సోమవారం పొద్దున్నే రాసేది. వార్తలు, కార్యక్రమాలు, చదవండి. పేపర్లో వచ్చే వార్తలు పేపర్లోనే చదువుకోండి అని, మా వార్తలు రాసేది. "రెండో అంతస్తులో కుళాయి బాగైంది. నమ్మకం లేనివాళ్లు తిప్పి చూసుకోండి." "ఎకనామిక్స్ మేడం గారి కళ్లజోడు దొరికింది. ఆమె తల మీదే ఉంది." కార్యక్రమాల గడిలో ఇలా ఉండేది: "గురువారం మూడింటికి పైకి చదివే గంట. గొంతు బాగోకపోయినా రావచ్చు. పోయిన వారం వచ్చినవాళ్లెవరికీ బాగోలేదు."

"చదవండి" గడిలో వారానికి ఒకే పుస్తకం. అది గొప్ప పుస్తకమని ఎప్పుడూ రాయలేదు. ఎవరి కోసమో మాత్రం రాసేది. "అన్నదమ్ములతో మాటలు మానేసినవాళ్లకి." "పరీక్ష తప్పి ఇంట్లో చెప్పనివాళ్లకి." "తాము బాగా మాట్లాడతామని అనుకునేవాళ్లకి." దాని కింద పుస్తకం పేరు, ఆ కింద ఒక అంకె. ఓపిక పేజీ: 61 అనో, ఓపిక పేజీ: 40 అనో.

ఈ ఓపిక పేజీకి ఒక కథ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్క ఒక పుస్తకాన్ని ఆకాశానికెత్తుతూ రాసింది. లైట్‌హౌస్ కాపలాదారు కూతురు తన చిన్నతనం గురించి రాసుకున్న పుస్తకం. ఒకమ్మాయి తీసుకెళ్లి మర్నాడే తెచ్చి బల్ల మీద పడేసింది. "మీరు అబద్ధం రాశారు. నలభై పేజీలు చదివాను, ఇంకా దీపం వత్తి ఎలా కత్తిరించాలో చెప్తూనే ఉంది." అక్కకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం. మొదట్లో ఆ పుస్తకం ఒకటే నస. అరవై ఒకటో పేజీ తీసి చూపించి, "తుఫాను ఇక్కడ వస్తుంది. ఇక్కడిదాకా ఓపిక పట్టు. ఆ తర్వాత కూడా నచ్చకపోతే వచ్చి నన్ను తిట్టు," అంది. ఆ అమ్మాయి తిట్టలేదు. అప్పట్నుంచీ ఏ పుస్తకం ఎంతవరకు విసిగిస్తుందో అక్క బోర్డు మీద ఒప్పేసుకునేది.

ఓపిక పేజీ దాటేశామని కొందరు కోతలు కోసేవాళ్లు. "దాటావా? గుర్తేదీ?" అనేది. అలా చుక్క పుట్టింది. ఓపిక పేజీకి చేరినవాళ్లు ఆ పేజీ కింది మూలలో పెన్సిల్‌తో ఆవగింజలో సగమంత చుక్క పెట్టాలి. అందుకోసం రీడింగ్ రూంలో ప్రతి బల్లకీ దారంతో ఒక పెన్సిల్ కట్టి ఉంచింది. పుస్తకాల మీద ఎలాంటి గీత గీసినా చర్య తీసుకోబడును అని గోడకి నియమాల పలక వేలాడుతూ ఉండేది. సరిగ్గా దాని కిందే ఈ పెన్సిళ్లు.

తనకి బాగా ఇష్టమైన పుస్తకాలను అక్క బయటికి ఇచ్చేది కాదు. వెళ్లిన మంచి పుస్తకం వెనక్కి రాదని ఆమె అనుభవం. వాటిని నాలుగు గోడ బీరువాల్లో పెట్టి, ఇక్కడే కూర్చుని చదువుకోండి అనేది. వీటికి కార్డు కూడా అక్కర్లేదు. క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే పిన్ని తడి చేతులు తుడుచుకుని వచ్చి రోజూ అరగంట చదువుకునేది. కాలేజీ బస్సు డ్రైవరు రెండు ట్రిప్పుల మధ్య వచ్చి కూర్చునేవాడు. గది దాటని పుస్తకానికి వెనక అట్టలో అంటించిన స్లిప్పు మీద తారీఖు ముద్ర కొట్టడం దేనికని ముప్పై ఏళ్లు కొట్టలేదు. ఆమె చేసిన పొరపాటు అదొక్కటే.

కొత్త ప్రిన్సిపాల్ గారు వచ్చిన మూడో నెలలో సర్క్యులర్ వెలువడింది. ఎవరు టైపు చేశారో చెప్పక్కర్లేదు. ఐదేళ్లుగా ముద్ర పడని పుస్తకాలన్నీ నిరుపయోగం కింద తీసేసి పాత కాగితాలవాళ్లకి పంపాలి. ఖాళీ అయిన రీడింగ్ రూంలో సోఫాలు వేసి సందర్శకుల హాలు చేయాలి. వార్తలు, కార్యక్రమాలు ఇక నుంచి అక్కడ పెట్టబోయే పెద్ద తెర మీద వస్తాయి కాబట్టి నల్లబోర్డు పీకేయాలి. ప్రిన్సిపాల్ గారు చెడ్డవారని అనను. అన్నీ శుభ్రంగా, కొత్తగా కనపడాలని ఆయన కోరిక. చీపురు పట్టిన ఊపులో ఇంట్లో మనుషుల్ని కూడా ఊడ్చేసే రకం.

స్లిప్పులు చూడటానికి వెళ్లిన ఇద్దరు గుమాస్తాలు రెండు రోజుల్లో జాబితా తెచ్చారు. ఆరువందల ముప్పై ఎనిమిది పుస్తకాలు. గోడ బీరువాలు నాలుగూ పూర్తిగా అందులోకి వచ్చేశాయి. అంటే కాలేజీలో అందరికంటే ఎక్కువ మంది చదివిన పుస్తకాలే ఎవరూ చదవనివిగా తేలాయి.

జాబితా కాపీ ఇవ్వడానికి నేనే వెళ్లాను. అక్క చదివి కుర్చీలో కూలబడింది.

"వీటిని నేనే చంపుకున్నానే," అంది. "ఏడాదికి ఒక్క ముద్ర కొట్టినా సరిపోయేది. ఇంట్లో మనిషి గడప దాటకపోతే చచ్చినట్టు లెక్కేస్తారని నాకేం తెలుసు?"

"పోనీలే అక్కా, ఇంకో ఇరవై నెలల్లో రిటైరవుతావు. నీకెందుకొచ్చిన గొడవ," అన్నాను. అది ఓదార్పే అనుకున్నాను.

"నేను రిటైరవుతాను. అవెందుకు అవ్వాలి?" అంది. అలా అంటూ నా వైపు చూసిన చూపుకి నేను తల దించుకున్నాను.

లైబ్రేరియన్ గారు మంచాయనే, కానీ ఆయన పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. "నేను సెలవులో ఉన్నాననుకోమ్మా," అని, సీట్లో కూర్చునే సెలవు పెట్టేశారు.

మర్నాడు నేను ప్రిన్సిపాల్ గారి గదిలో ఆయన చెప్పే ఉత్తరం రాసుకుంటుండగా అక్క ఆరు పుస్తకాలు గుండెకి ఆనించుకుని లోపలికి వచ్చింది. లైట్‌హౌస్ పుస్తకం అరవై ఒకటో పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. పేజీ మూల చీమలు పట్టినట్టుంది.

"మీవాళ్లు ముద్రలు చూశారు సార్, పేజీలు చూడలేదు. ఇదొక్కటే నూట పన్నెండు మంది చదివారు. ఒక్కో చుక్కా ఒక్కో మనిషి," అంది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. "అంటే కాలేజీ ఆస్తి మీద గీతలు గీయించారన్నమాట. గోడ మీద నియమాలు ఉన్నాయి కదా?"

"ఉన్నాయి సార్. వారానికోసారి ఆ పలక తుడిచేది నేనే."

"తెలిసే చేశారా?"

"తెలిసే చేశాను. ముప్పై ఏళ్లు చేశాను."

నా పెన్ను ఆగిపోయింది. ఆ కుర్చీ ముందు నిలబడి "పొరపాటైంది సార్" తప్ప ఇంకో మాట అన్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. ప్రిన్సిపాల్ గారు నావైపు తిరిగి, "మెమో రాసుకోండి. ఆరు పుస్తకాలను పాడు చేయించినందుకు..." అని మొదలుపెట్టారు.

"ఆరు కాదు సార్," అంది అక్క. "ఆరని రాస్తే అబద్ధమవుతుంది. అన్నీ రాయండి. ఏ పుస్తకంలో ఏ పేజీలో ఎన్ని చుక్కలున్నాయో జాబితా నేనే ఇస్తాను."

"మీ గొయ్యి మీరే తవ్వుకుంటానంటే నేనెందుకు వద్దంటాను?" అన్నారాయన. సంతోషంగానే అన్నారు.

బయటికి వచ్చాక చెయ్యి పట్టుకుని ఆపాను. "మతి పోయిందా అక్కా? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటున్నావు."

"నాలుగేళ్ల కిందట 'చదవండి' గడిలో మన సర్వీసు రూల్సు పుస్తకం పెట్టాను, గుర్తుందా?"

గుర్తుంది. "జీతం తీసుకునేవాళ్లందరికీ. ఓపిక పేజీ: 88" అని రాసింది. ఆఫీసంతా వారం రోజులు నవ్వుకున్నాం.

"చదివావా?"

"లేదు."

"అదీ సంగతి. వెళ్లి చదువు," అని నిచ్చెన కోసం వెళ్లిపోయింది.

ఆఫీసు బీరువాలోంచి ఆ పుస్తకం తీసి దుమ్ము దులిపి ఎనభై ఎనిమిదో పేజీ తెరిచాను. ఆరోపణ పత్రంలో పేర్కొన్న వస్తువు ఏదైనా సరే, విచారణ ముగిసి తుది ఉత్తర్వు వచ్చేదాకా ఉన్నచోటు నుంచి కదిలించరాదు, అమ్మరాదు, నాశనం చేయరాదు. రెండుసార్లు చదివాను. ఆరోపణ పత్రం అంటే ఆ మెమోనే. మా కాలేజీలో విచారణ అంటే ఏమిటో మాకు తెలుసు. సైన్సు ల్యాబులో అద్దం పగిలిన కేసు నేను ఉద్యోగంలో చేరిన ఏడు మొదలైంది. ఆ గాజు ముక్కలు సీలు వేసిన సంచిలో ఇంకా అక్కడే ఉన్నాయి.

అక్క నాలుగు రోజులు నిచ్చెన ఎక్కుతూ దిగుతూ చుక్కలు లెక్కపెట్టింది. మూడో రోజు ఆమె మొగుడు కూడా వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్కు, నోట్లో నాలుక లేని మనిషి. ఏటా వేసవిలో ఆ బోర్డుకి నల్లరంగు వేసేది ఆయనే.

"మీరైనా చెప్పొచ్చు కదా బావగారూ," అన్నాను.

"చెప్పానమ్మా. నిచ్చెన నేను పట్టుకుంటానని చెప్పాను," అన్నాడు.

ముప్పై ఒక్క పుస్తకాలు విడిగా కింద పెట్టి ఉన్నాయి. వీటి సంగతేంటని అడిగాను. "పట్టుకెళ్లమను. ఎప్పుడో రద్దయిన చట్టాలు, ఎవరూ ఎక్కని ఓడల టైంటేబుళ్లు. ఒక్క చుక్క లేదు. చచ్చినవాటిని బతికున్నాయని నేను చెప్పను," అంది. మిగిలినవి ఆరువందల ఏడు. జాబితా చివర ఇంకో రెండు వరుసలు తనే కలిపింది. నేరానికి వాడిన పెన్సిళ్లు, పద్నాలుగు. నేరానికి ప్రేరేపించిన నల్లబోర్డు, ఒకటి.

మూడు రోజులు టైపు చేశాను. పుస్తకం, పాడైన పేజీ, చుక్కల సంఖ్య. పశువుల డాక్టరు జ్ఞాపకాలు, 33, చుక్కలు 58. వంతెనలు ఎందుకు కూలతాయో చెప్పే పుస్తకం, 19, చుక్కలు 74. కొట్టేకొద్దీ నాకేదో అయింది. పదహారేళ్లలో నేను కొట్టిన కాగితాలన్నిట్లో, ఎవరికైనా మేలు జరిగిందని చెప్పే కాగితం ఇదొక్కటే. అది కూడా నేరాల జాబితా. ప్రిన్సిపాల్ గారు చివరి పేజీ దాకా చూడకుండానే సంతకం పెట్టారు. నకలు పాలకమండలికి వెళ్లిపోయింది.

ఆ సోమవారం బోర్డు చూడటానికి జనం మెట్ల దాకా నిలబడ్డారు.

వార్తలు: "లైబ్రరీ అసిస్టెంటుకి మెమో వచ్చింది. నేరం ఒప్పుకుంది."

కార్యక్రమాలు: "విచారణ వచ్చే నెల పన్నెండున పదకొండింటికి. సాక్ష్యాలను కదిలించకూడదు కాబట్టి రీడింగ్ రూంలోనే."

చదవండి: "మెమో అనుబంధం, పంతొమ్మిది పేజీలు, పక్కనే అంటించాను. ఆరువందల ఏడు పుస్తకాలు. ఎవరికంటే, వీటిని ఎవరూ చదవరని అన్నవాళ్లకి. ఓపిక పేజీలు ఎదురుగా ఉన్నాయి."

అప్పుడుగానీ ప్రిన్సిపాల్ గారు రూల్సు పుస్తకం తెప్పించుకోలేదు. మెమో వెనక్కి తీసుకోవాలంటే పాలకమండలి ముందు నిలబడి ఎందుకో చెప్పుకోవాలి. మింగలేక కక్కలేక రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. మూడో రోజు నన్ను పిలిచి ఉత్తర్వు చెప్పారు. విచారణ ముగిసేదాకా నిందితురాలు సాక్ష్యాల దగ్గరికి వెళ్లకూడదు. ఆమెను పాత జవాబు పత్రాల గదికి మార్చడమైనది. ఆ రూలు ఎనభై తొమ్మిదో పేజీలో ఉంది. అంటే అక్క అది కూడా చదివే ఉంది. విచారణ ఎన్నేళ్లు సాగితే పుస్తకాలకి అంత మంచిది. కానీ ఇరవై నెలల్లో అది ముగియకపోతే ఆమె రీడింగ్ రూంలోకి ఉద్యోగిగా మళ్లీ రాదు. ఈ లెక్క నిచ్చెన ఎక్కకముందే ఆమెకి తెలుసు. నాకు మాత్రం ఉత్తర్వు కొడుతుంటే అర్థమైంది. అర్థమయ్యాక కూడా కొట్టాను. ఆ రోజు నా మీద నాకు అసహ్యం వేసింది.

వారం తర్వాత టీ పట్టుకుని ఆ గదికి వెళ్లాను. కట్టలు కట్టిన జవాబు పత్రాల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే ఏడ్చేసింది. "పొద్దున్నే కాళ్లు అటే పోతున్నాయే. మెట్ల దాకా వెళ్లి వెనక్కి వస్తున్నాను," అంది. టీ చేతికిచ్చాను. సగం తాగి, ముక్కు తుడుచుకుని, "బోర్డు ఎవరు రాస్తున్నారు?" అని అడిగింది.

"ఎవరూ రాయడం లేదు. అది సాక్ష్యం కదా."

"కదిలించొద్దన్నారు. రాయొద్దని ఎక్కడుంది?"

"నాకు రాయడం రాదక్కా. టైపే."

"ముందు చదువు. రాయడం అదే వస్తుంది."

లైట్‌హౌస్ పుస్తకంతో మొదలుపెట్టాను. భోజనం గంటలో రీడింగ్ రూంలో కూర్చుని చదివేదాన్ని. చెప్పొద్దూ, ఆ పిల్ల దీపం వత్తుల గురించి పెట్టే సోదికి రెండుసార్లు పుస్తకం మూసేశాను. తొమ్మిదో రోజు అరవై ఒకటో పేజీకి వచ్చాను. తుఫాను వచ్చింది. తండ్రి పడవలో ఉన్నాడు, దీపం ఆరిపోయింది, ఆ పిల్లకి పదకొండేళ్లు. వత్తి ఎలా కత్తిరించాలో ఆమెకి తెలుసు, అప్పటికి నాకూ తెలుసు. తల ఎత్తేసరికి భోజనం గంట అయిపోయి చాలాసేపయింది. దారానికి కట్టిన పెన్సిల్ తీసుకుని పేజీ మూల చుక్క పెట్టాను. నేరమని నా చేత్తో నేనే కొట్టిన పని.

ఆ సోమవారం బోర్డు నేను రాశాను. వార్తల్లో ఏం రాయాలో తోచక కుళాయి మళ్లీ పాడైందని రాశాను. "చదవండి" గడిలో లైట్‌హౌస్ పుస్తకం పేరు పెట్టి, "చెప్పింది కొట్టడమే నా పని అనుకునేవాళ్లకి. ఓపిక పేజీ: 61" అని రాశాను.

పన్నెండో తారీఖున విచారణ అధికారి వచ్చారు. ఎక్కడో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన, భూతద్దం తెచ్చుకున్నారు. ప్రిన్సిపాల్ గారు ఆయన పక్కన కూర్చున్నారు. రికార్డు చేయడానికి నా మిషను మూల బల్ల మీద పెట్టారు. బోర్డక్క నెల తర్వాత మొదటిసారి ఆ తలుపు దాటింది. దాటుతూ బోర్డు వైపు చూసి, "కార్యక్రమాల కింద గీత వంకర పోయింది," అని నా చెవిలో అని వెళ్లి నిలబడింది.

అధికారి జాబితాలో మొదటి పుస్తకం తెప్పించుకున్నారు. అరవై ఒకటో పేజీ మూల మీద భూతద్దం పెట్టి చాలాసేపు లెక్కపెట్టారు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు.

"మెమోలో నూట పన్నెండు అని ఉంది. ఇక్కడ నూట ముప్పై ఒకటి ఉన్నాయి. నిందితురాలేమో ఈ గదిలో అడుగు పెట్టి నెలైంది. మరి ఈ పంతొమ్మిది ఎవరివి?"

బల్లల దగ్గర చదువుకుంటున్న పిల్లలు పేజీలు తిప్పడం ఆపేశారు. క్యాంటీన్ పిన్ని బీరువా పక్కన నిలబడిపోయింది. ప్రిన్సిపాల్ గారు నావైపు తిరిగి, "తెలియదు అని కొట్టమ్మా," అన్నారు.

వేళ్లు మీటల మీదే ఉన్నాయి. పదహారేళ్లలో మొదటిసారి అవి కదల్లేదు. లేచి నిలబడ్డాను.

"అది తప్పు సార్," అన్నాను. "తెలుసు. అందులో ఒకటి నాది."

అధికారి భూతద్దం దించి, ఈ మాట రికార్డులోకి ఎక్కాలన్నారు. ఎక్కించాల్సింది టైపిస్టు, ఆ టైపిస్టుని నేనే. కూర్చుని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా కొట్టాను.